తేలినీలాపురం కొంగలకి వ్యూఫైండర్ కావాలా, వెనక స్క్రీన్ సరిపోతుందా?

నౌపడ_ఉప్పుగాలి (టెక్కలి)

అందరికీ నమస్కారం. ఏడాదిగా దాచిన డబ్బుతో నా మొదటి మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేకుండా, లెన్సులు మార్చుకునే రకం) కొందామనుకుంటున్నాను. ఇంతవరకూ ఫోనుతోనే తీశాను. మా ఇంటి నుంచి తేలినీలాపురం దగ్గరే, స్కూటీ మీద వెళ్లొచ్చేస్తాను. సెప్టెంబరు దాటాక పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి కదా. అక్కడివాళ్లు వాటిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. నేను తీయాలనుకునేది ముఖ్యంగా ఆ పక్షుల్నీ, వాటితోపాటు బతుకుతున్న ఆ ఊరివాళ్లనీ.

రెండు కెమెరాల దగ్గర ఆగిపోయాను. ఒకటి సోనీ జెడ్‌వీ-ఈ10, ఇంకోటి సోనీ ఏ6400. రెండూ 24 మెగాపిక్సెళ్లే, లెన్సులూ అవే పడతాయి. కానీ మొదటిదానికి కంటికి పెట్టుకునే వ్యూఫైండర్ లేదు, వెనక స్క్రీనే. షాపులో అడిగితే "ఇప్పుడు కంటికి పెట్టుకుని ఎవరు తీస్తన్నారమ్మా, అందరూ స్క్రీన్ చూసే తీస్తన్నారు" అన్నారు. ఆ మిగిలే డబ్బు లెన్సుకి పెట్టుకోవచ్చు కూడా. వాడుతున్నవాళ్లు చెప్పండి, వ్యూఫైండర్‌కి అంత డబ్బు పెట్టాలా?

పలాస_జీడితోట (పలాస)

అక్కర్లేదండీ. నేను మూడేళ్లుగా జెడ్‌వీ-ఈ10 వాడుతున్నాను. ఉద్దానం తోటలు, జీడిపిక్కల బట్టీలు, బారువ బీచ్, అన్నీ దానితోనే తీశాను. స్క్రీన్ మీద వేలు పెడితే ఫోకస్ అక్కడికే వెళ్తుంది, ఫోన్ అలవాటున్నవాళ్లకి అంతకన్నా సుఖం ఏముంది? వీడియో తీసేటప్పుడు కంటికి పెట్టుకుని నడవలేం కూడా. డబ్బు లెన్సుకే పెట్టండి.

గజపతినగరం_స్టూడియో (గజపతినగరం)

పలాస తమ్ముడు వీడియో మనిషి, అతని పనికి అది సరైనదే. కానీ ఈ అమ్మాయి అడిగింది కొంగల గురించి. తమ్ముడూ, ఒక్క సంగతి చెప్పు. ఉదయం పదకొండు గంటల ఎండలో, దూరాన్ని దగ్గరగా చూపే 300 ఎం.ఎం. లెన్సు తగిలించి, ఎగురుతున్న పక్షిని స్క్రీన్‌లో పట్టుకున్నావా ఎప్పుడైనా?

పలాస_జీడితోట

ఎగిరేవి తీయలేదన్నా. నా దగ్గర అంత పెద్ద లెన్సు లేదు. ఎండలో స్క్రీన్ సరిగ్గా కనబడదు, అది ఒప్పుకుంటాను. మెనూలో స్క్రీన్ వెలుతురుని "సన్నీ వెదర్"కి పెడితే కొంత నయం. మరీ ఎండైతే తువ్వాలు తలమీంచి కప్పుకుని చూస్తాను. వెనకటికి స్టూడియోల్లో నల్లగుడ్డ కప్పుకుని తీసేవారు కదా, అలాగన్నమాట. పని జరుగుతుంది.

గజపతినగరం_స్టూడియో

కదలని వాటికి జరుగుతుంది. తువ్వాలు మంచి ఉపాయమే, నేనూ వాడతాను. కానీ పెద్ద లెన్సుతో వచ్చే కష్టం ఎండ ఒక్కటే కాదమ్మా. అది విడమరిచి చెప్తాను.

స్క్రీన్ చూసి తీయాలంటే చేతులు ముందుకు చాపాలి. అరకేజీ దాటిన లెన్సు చాపిన చేతుల్లో ఊగుతుంది. వ్యూఫైండర్ అయితే రెండు మోచేతులూ డొక్కలకి ఆనతాయి, కెమెరా కనుబొమకి ఆనుతుంది. మూడు చోట్ల ఆధారం దొరికింది కదా, చెయ్యి నిలబడుతుంది. ఇక రెండోది, నాకు అసలైనది. మన చూపు ఎటుంటే లెన్సు అటే ఉంటుంది. స్క్రీన్‌తో తీసేటప్పుడు కన్ను ఒకచోట, లెన్సు ఇంకోచోట, పక్షి మరోచోట. ఆకాశంలో ఎక్కడుందో వెతుక్కునేలోగా అది నౌపడ ఉప్పుమడుల మీదకి వెళ్లిపోనాది.

ఏ6400లో వ్యూఫైండర్ నడిమధ్యన ఉండదు, ఎడమ మూలనుంటుంది. కుడికన్నుతో చూసేవాళ్లకి ముక్కు కెమెరా పక్కకి పోతుంది, ఎడమకన్ను బయటే ఉంటుంది. ఆ రెండో కన్ను మూసుకోవద్దు. దానితో పక్షి ఎటునుంచి వస్తుందో చూసుకుంటూ ఉండాలి. మొదట్లో తలనొప్పి వస్తుంది, పది రోజుల్లో అలవాటైపోద్ది. జూమ్ ముందే చివరిదాకా లాగొద్దు. వెడల్పుగా పెట్టి చెట్టుని పట్టుకో, తర్వాత కొమ్మ, ఆ తర్వాత గూడు.

విశ్రాంత_లెక్కల_మాస్టారు (విజయనగరం)

అమ్మా, నా వయసు అరవై మూడు. మీకు ఇప్పుడే పట్టకపోయినా ఒక సంగతి చెప్పాలి. నలభై దాటాక దగ్గరి చూపు సన్నగిల్లుతుంది. నాకు వెనక స్క్రీన్ చూడాలంటే చదువుకునే అద్దాలు కావాలి, అవి పెట్టుకుంటే ఎదురుగా ఉన్న రామతీర్థం కొండ మసకబారుతుంది. తీసి పెట్టుకోవడంతోనే సరిపోయేది. నాలుగేళ్లు ఈ అవస్థ పడ్డాను. స్క్రీన్ మాత్రమే ఉన్న కెమెరా అమ్మేసి వ్యూఫైండర్ ఉన్నది కొన్నాకే మళ్లీ ఫొటోలు తీయాలనిపించింది.

వ్యూఫైండర్ పక్కన గోటితో తిప్పే చిన్న చక్రం ఉంటుంది. డయాప్టర్ అంటారు. ఏ6400లో మైనస్ 4 నుంచి ప్లస్ 3 దాకా తిరుగుతుంది. అద్దాలు తీసేసి, ఆ చక్రంతోనే చూపు సరిచేసుకోవచ్చు. దృశ్యాన్ని చూస్తూ తిప్పకండి, కింద ఉన్న షట్టర్ స్పీడు అంకెల్ని చూస్తూ తిప్పండి. ఫోకస్ లేని దృశ్యం ఎంత తిప్పినా మసకే, అంకెలు మాత్రం అబద్ధం చెప్పవు. అయితే కంటి వంపు అన్నివైపులా సమంగా లేక సిలిండర్ పవర్ వచ్చినవాళ్లకి ఈ చక్రం ఆ లోపాన్ని తీర్చలేదు. వాళ్లు అద్దాలతోనే చూడాలి. అద్దాలతో చూస్తే కన్ను కాస్త దూరమై ఫ్రేము మూలలు కోసుకుపోవచ్చు. కొనేముందు మీ అద్దాలతోనే షాపులో చూసుకోండి.

ఇక చుక్కల లెక్క. డబ్బా మీద 23.6 లక్షల చుక్కలని ఉంటుంది. అవి పిక్సెళ్లు కావు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చుక్కలు కలిస్తే ఒక పిక్సెల్. 23,59,296ని మూడుతో భాగించండి, 7,86,432. అంటే 1024×768. ఏ6400 వెనక స్క్రీన్ 9,21,600 చుక్కలు, మూడుతో భాగిస్తే 3,07,200 పిక్సెళ్లే. పైగా ఆ స్క్రీన్ పొడవాటిది, 16:9. మన ఫొటో 3:2. రెండు పక్కలా నల్లపట్టీలు పోగా బొమ్మ ఇంకా చిన్నదవుతుంది. కొంగ కంటి మీద ఫోకస్ పడిందా, ముక్కు మీద పడిందా అని చూసుకోవాలంటే ఈ తేడా చాలా పెద్దది. ఖరీదైన వాటిలో 36.9 లక్షలు, 57.6 లక్షలు, 94.4 లక్షల చుక్కలవి కూడా ఉన్నాయి. మొదటి కెమెరాకి అంత అవసరం లేదు.

నౌపడ_ఉప్పుగాలి

మాస్టారూ, ఇంత ఓపిగ్గా చెప్పినందుకు చాలా సంతోషం. నాకు సిలిండర్ పవర్ ఉంది. అద్దాలతోనే చూసుకుని కొంటాను.

పొందూరు_మగ్గం (పొందూరు)

అందరూ వ్యూఫైండర్ వైపే వెళ్తున్నారు. స్క్రీన్ తరఫున నేను ఒక మాట చెప్తాను. ఆవిడ ఊరివాళ్లని కూడా తీస్తానన్నారు కదా.

మా ఊళ్లో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దువ్వే అవ్వ నేలమీద కూర్చుని ఉంటుంది. ఆ దవడలో పళ్లు ఎంత సన్నగా ఉంటాయంటే, వాటి మధ్య పత్తి పోగు నిలిచేది ఒక్క క్షణం, తర్వాత మెత్తని దూదిలా జారిపోతుంది. అది తీయాలంటే కెమెరా అవ్వ చేతుల ఎత్తులో ఉండాలి. చాప నుంచి జానెడు పైన. వ్యూఫైండర్ అంటే నేను బోర్లా పడుకోవాలి. ఆమె ఇంట్లో, ఆమె ముందు, అలా పడుకోవడం నాకు మర్యాదగా అనిపించలేదు. బాసింపట్టు వేసుకుని ఎదురుగా కూర్చున్నాను, కెమెరా ఒళ్లో పెట్టుకుని స్క్రీన్ పైకి తిప్పాను.

అప్పుడు తెలిసింది అసలు తేడా. కెమెరా కంటికి పెట్టుకున్నప్పుడల్లా అవ్వ చెయ్యి ఆపి, కొంగు సర్దుకుని, బిగుసుకుని కూర్చునేది. నా మొహం కనిపిస్తున్నంతసేపూ మాట్లాడుతూనే దువ్వింది. "మీ అమ్మ కూడా ఒడికేది కదేటి" అని అడిగింది. ఆ మాట అంటున్నప్పుడు తీసిన ఫొటోనే నాకు మిగిలింది. మిగతావన్నీ కొట్టేశాను.

ఒక్క చికాకు మాత్రం ఉంది. ఒళ్లో పెట్టుకుంటే చొక్కా దగ్గరికొచ్చినప్పుడల్లా స్క్రీన్ ఆరిపోతుంది. దానికి మందేటి?

గజపతినగరం_స్టూడియో

బావూ, బాగా చెప్పావు. నేనా కోణంలో ఆలోచించలేదు.

ఆరిపోడానికి కారణం వ్యూఫైండర్ పక్కనుండే ఐ సెన్సర్. ఏదైనా దగ్గరికొస్తే కన్నే వచ్చిందనుకుని స్క్రీన్ ఆపి వ్యూఫైండర్ వెలిగిస్తుంది. కొన్ని కెమెరాల్లో స్క్రీన్ బయటికి లాగితే ఆ సెన్సర్ దానంతటదే ఆగుతుంది. లేకపోతే కస్టమ్ బటన్‌కి "ఫైండర్/మానిటర్ సెలెక్ట్" పెట్టుకో. ఒక్క నొక్కుతో అటూ ఇటూ మారుతుంది. నేను మొదట కెమెరా చేతికి రాగానే చేసేది అదే.

ఎడమకన్నుతో చూసే అలవాటున్నవాళ్లకి ఇంకోటి. ముక్కు స్క్రీన్‌కి తగిలి ఫోకస్ చుక్క ఎక్కడెక్కడికో పోతుంది. వ్యూఫైండర్‌లో చూసేటప్పుడు టచ్ పనిచెయ్యకుండా మెనూలో ఆపేసుకోండి. మా దగ్గర పనిచేసే కుర్రాడు ఒక పెళ్లిలో తలంబ్రాలన్నీ వెనక కర్టెన్ మీద ఫోకస్‌తో తెచ్చాడు. కారణం ముక్కే. మళ్లీ తీయడానికి తలంబ్రాలు రెండోసారి పోస్తారా?

మూడులాంతర్లు (విజయనగరం)

మా సిరిమాను ఉత్సవం గురించి ఎవరూ అనలేదేంటి? దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా జనం. అక్కడ మీ మోచేతులు డొక్కలకి ఆనే చోటుండదు. కంటికి పెట్టుకుంటే ముందున్నవాళ్ల తలలే వస్తాయి. కెమెరా తలపైకెత్తి, స్క్రీన్ కిందికి వంచి తీయాలి. 50, 60 అడుగుల మాను కొనన పూజారి, కింద జనసముద్రం, రెండూ ఒక ఫ్రేములో రావాలంటే చేతులు పైకెత్తడం తప్ప దారి లేదు. ఏ6400 స్క్రీన్ కిందికి వంగుతుంది కాబట్టి పనికొస్తుంది. జెడ్‌వీ-ఈ10ది పక్కకి తెరుచుకునే రకం, దానితోనూ తీయొచ్చు గానీ జనంలో పక్కవాళ్ల భుజం తగిలి తలుపు విరిగినట్టు విరుగుతుందేమోనని నాకు భయం.

ఇంకోటి, జాగ్రత్త కోసం చెప్తున్నాను. సిరిమాను మీదకి అరటిపళ్లు విసురుతారు. ఒకసారి నేను కన్ను వ్యూఫైండర్‌కి పెట్టి ఉండగా ఒకటి వచ్చి లెన్సు ముందు తొడిగిన హుడ్డుకి తగిలింది. వస్తున్నట్టే తెలీలేదు. హుడ్డు లేకపోతే అద్దం పోయేది. జనంలో చుట్టూ ఏం జరుగుతుందో చూస్తూ ఉండాలి.

పలాస_జీడితోట

బ్యాటరీ సంగతి కూడా చూసుకోండి. వ్యూఫైండర్ చిన్నది కాబట్టి ఆదా అనుకుంటారు చాలామంది.

విశ్రాంత_లెక్కల_మాస్టారు

నిజమే, ఆదా ఏమీ లేదు. అది లోపల అద్దం ఉండే పాత డీఎస్‌ఎల్‌ఆర్‌ల నుంచి వచ్చిన అలవాటు. వాటిలో అద్దంలోంచి వచ్చే వెలుగునే చూసేవాళ్లం, కరెంటు ఖర్చు లేదు. మిర్రర్‌లెస్‌లో వ్యూఫైండర్ కూడా ఒక చిన్న తెరే. ఏ6400కి కంపెనీ చెప్పే లెక్క, ఒక చార్జితో వ్యూఫైండర్‌తో 360 ఫొటోలు, స్క్రీన్‌తో 410. ఎలా చూసినా రెండో బ్యాటరీ కొనాల్సిందే. తేడా చిన్నది కాబట్టి దీన్ని బట్టి నిర్ణయం తీసుకోవద్దు.

గజపతినగరం_స్టూడియో

ఇప్పుడు నేను చెప్పేది అందరూ శ్రద్ధగా చదవండి. పద్దెనిమిదేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను, మిర్రర్‌లెస్‌కి మారిన మొదటి సీజన్లో దీనివల్లే నష్టపోయాను.

రెండు తెరల్లో దేన్నీ వెలుతురు విషయంలో నమ్మకండి.

తెల్లవారుజామున మూడింటికి ముహూర్తం. మండపం చీకటి, కంటిపాప విచ్చుకుని ఉంటుంది. నల్లని రబ్బరు గూటిలో కన్ను పెడితే వ్యూఫైండర్ దీపావళిలా వెలుగుతుంది. "అబ్బ, వెలుగు ఎక్కువైంది" అని తగ్గించేస్తాం. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే పెళ్లికూతురి మొహం నల్లగా ఉంటుంది. మధ్యాహ్నం దీనికి తలకిందులు. ఎండలో వెనక స్క్రీన్ చీకటిగా కనిపిస్తుంది, మనం వెలుగు పెంచేస్తాం. పెలికాన్ రెక్కలు తెల్లని సున్నం గోడలా వస్తాయి, ఈకలే కనబడవు. ఆ ఈకలు తర్వాత ఎవరూ తేలేరు.

అందుకని హిస్టోగ్రామ్ (వెలుగునీడల లెక్క చూపే గ్రాఫు) గానీ, జీబ్రా గానీ పెట్టుకోవాలి. జీబ్రా అంటే వెలుగు హద్దు దాటిన చోట చారలు కనిపించడం. దాన్ని 100 ప్లస్ మీద పెట్టు. పక్షి వీపు మీద చారలు పరిగెడితే ఎక్స్‌పోజర్ తగ్గించు, చారలు పోయేదాకా. వ్యూఫైండర్ అయినా స్క్రీన్ అయినా ఆ చారలు ఒకటే చెప్తాయి.

ఫ్లాష్‌తో తీసేవాళ్లకి ఒక ముక్క. కెమెరా తెర మీద చూపేది గదిలో ఉన్న వెలుతురునే, ఫ్లాష్ వెలుగు దానికి తెలీదు. ఫ్లాష్‌కి తగ్గ సెట్టింగ్ పెట్టగానే వ్యూఫైండర్ నల్లగా అయిపోద్ది. అప్పుడు "లైవ్ వ్యూ డిస్‌ప్లే"లో సెట్టింగ్ ఎఫెక్ట్ ఆఫ్ చెయ్యాలి. కెమెరా పాడైందని నాకు అర్ధరాత్రి ఫోన్ చేసే కుర్రాళ్లందరికీ ఇదే సమాధానం.

భావనపాడు_తెప్ప (భావనపాడు)

వ్యూఫైండర్ ఉన్నది కొనేవాళ్లు నా సంగతి కూడా తెలుసుకోండి. మా రేవులో తెప్పలు ఒడ్డుకొచ్చే వేళ తీస్తూ, వల లాగడానికి సాయం పట్టమంటే కెమెరాని తెప్ప మీద పెట్టి వెళ్లాను. లెన్సు కిందికి, వ్యూఫైండర్ ఎండ వైపుకి. తిరిగొచ్చి చూస్తే లోపల పసుపురంగు మచ్చ. ఎంత తుడిచినా పోదు, అద్దం మీది మచ్చ కాదు, లోపలి తెరే కాలిపోయింది. మనం చూసే అద్దం భూతద్దమే కదా, చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినట్టే ఎండ ఆ చిన్న తెర మీద చుక్కలా పడింది. కెమెరాతో వచ్చిన పుస్తకంలో ఈ హెచ్చరిక ఉంది, నేనే చదవలేదు. బాగుచెయ్యడానికి అడిగిన డబ్బు విని ఊరుకున్నాను. ఫొటోల్లో మచ్చ రాదు గానీ, కన్ను పెట్టిన ప్రతిసారీ అదే కనిపించి మనసు చివుక్కుమంటాది. ఎండలో కింద పెడితే మీద తువ్వాలు వెయ్యండి. లేకపోతే సంచిలో పెట్టండి.

నౌపడ_ఉప్పుగాలి

రెండు వారాలకి మళ్లీ వస్తున్నాను. గజపతినగరం అన్నయ్య తన స్టూడియోలోని ఏ6400ని పెద్ద లెన్సుతో సహా ఒక ఆదివారం నాకిచ్చారు. మా కజిన్ దగ్గర జెడ్‌వీ-ఈ10 దొరికింది. రెండూ పట్టుకుని తేలినీలాపురం వెళ్లాను.

ఏడు గంటలకి వాచ్‌టవర్ ఎక్కాను. మొదటి గంట స్క్రీన్‌తో బాగానే ఉంది. గూడు మీద నిలబడిన ఎర్రకాళ్ల కొంగ, దాని పసుపుపచ్చ ముక్కు, తోక దగ్గర గులాబీరంగు ఈకలు, అన్నీ తీయగలిగాను. తొమ్మిది దాటాక స్క్రీన్‌లో నా మొహమే కనిపించింది. ఒక పెలికాన్ పుల్ల నోట కరచుకుని గూటికి దిగుతుంటే ఐదుసార్లు ప్రయత్నించాను, ఐదుసార్లూ ఖాళీ ఆకాశమే. ఏ6400 తీసి, అన్నయ్య చెప్పినట్టు మోచేతులు ఆనించి, రెండో కన్ను తెరిచి ఉంచాను. మూడోసారికి దొరికింది. రెక్కలు చాచి, కాళ్లు ముందుకు పెట్టి దిగుతున్న పక్షి. జీబ్రా చూసి వెలుగు రెండు మెట్లు తగ్గించాను, రెక్క మీద ఒక్కో ఈకా లెక్కపెట్టొచ్చు. నా అద్దాలతో మూలలు కొంచెం పోయాయి, మాస్టారు చెప్పినట్టే. పక్షి మధ్యలో ఉంటే చాలు, ఇబ్బంది లేదు.

దిగొచ్చాక ఒక ఇంటి పెరట్లో చెట్టు కింద గిన్నెలు తోముకుంటున్న పెద్దావిడ కనిపించారు. నెత్తిన గూళ్లు, నేలంతా తెల్లటి రెట్టలు, ఆవిడ పక్కన రాలిన చేపముక్క. అప్పుడు పొందూరు అన్నయ్య మాట గుర్తొచ్చింది. ఎదురుగా కూర్చుని స్క్రీన్ పైకి తిప్పాను. "ఇల్లంతా కంపు కొట్టదా పిన్నీ" అని అడిగితే, "మన పిల్లలు కంపు కొట్టరేటి?" అన్నారు. అప్పుడు తీశాను.

ఏ6400 కొంటున్నాను. పెద్ద లెన్సు ఇప్పుడు కాదు, వచ్చే సంవత్సరం.

పలాస_జీడితోట

మంచి నిర్ణయం చెల్లీ. నేను ఎగిరే పక్షులు తీయకుండా సలహా ఇచ్చేశాను, అది నా పొరపాటు. పెద్ద లెన్సు అద్దెకి కావాలంటే శ్రీకాకుళంలో అడిగి చెప్తాను.

విశ్రాంత_లెక్కల_మాస్టారు

పెలికాన్ ఫొటో ఇక్కడ పెట్టండి తల్లీ. సంచిలో రాసుకుని డయాప్టర్ చక్రం తిరిగిపోతూ ఉంటుంది. మీ చూపుకి సరిపోయిన చోట చిన్న తెల్లచుక్క పెట్టుకోండి. నేను సుద్దముక్కతో పెట్టి, దానిమీద పారదర్శకమైన టేపు అంటించాను.

గజపతినగరం_స్టూడియో

అమ్మా, లెన్సు తిరిగివ్వడానికి తొందరేమీ లేదు. డిసెంబరులో పిల్లలు రెక్కలు విప్పడం నేర్చుకుంటాయి, అప్పటిదాకా ఉంచుకో. సంచిలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యి, మీ వైపు ఉప్పుగాలి.